కీళ్లవాతం ఉన్నవాళ్లకి నడుం నొప్పి వస్తే ఏం చేయాలి

నాకు కీళ్లవాతం, డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే జబ్బు, వచ్చి పద్నాలుగేళ్లు దాటింది. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. చిన్నప్పటి నుంచి లేసు అల్లిన చేతులు నావి. ముందు వేళ్ల కణుపులు వాచాయి, తర్వాత మణికట్లు, ఆ తర్వాత పాదాలు. ఆరో ఏడు నడుం పట్టేసింది. "ఆ వాతమే నడుంలోకి దిగిందమ్మా" అన్నారు మా అత్తయ్యగారు. నేనూ అదే నమ్మాను. ఎవరో చెప్పిన ఆకుమందు పొడి అప్పటికి ఏడాదిన్నరగా వేసుకుంటున్నాను. మొదలుపెట్టిన రెండో రోజుకే చేతులు తేలికపడ్డాయి కాబట్టి దాన్ని వదల్లేదు. ఒకరోజు కుళాయి దగ్గర బిందె ఎత్తుతుంటే వెన్నులో కలుక్కుమంది. ఎక్స్‌రే తీస్తే వెన్నుపూస ఒకటి అణిగిపోయి ఉంది. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చని, ఎముకలు గుల్లబారడానికి అదే కారణం అయి ఉంటుందని డాక్టరుగారు చెప్పారు.

నడుం నొప్పికి మామూలుగా అందరూ చెప్పే జాగ్రత్తలు చేతులు, మోకాళ్లు బాగున్నవాళ్ల కోసం పుట్టినవి. "మోకాళ్లు వంచి బరువెత్తండి" అంటారు. వాచిన మోకాలు వంగదు. "అరచేత్తో మంచం నొక్కి లేవండి" అంటారు. మణికట్టు ఒప్పుకోదు. అందుకే వాటిని మన ఒంటికి సరిపోయేలా మార్చుకోవాలి. నేను దెబ్బలు తిని నేర్చుకున్న వరసలోనే చెబుతాను.

1. నడుం నొప్పిని కీళ్లవాతం ఖాతాలో వేసేయకండి

ఈ జబ్బు ఎక్కువగా పట్టేది వేళ్లు, మణికట్లు, పాదాల్లో ఉండే చిన్న కీళ్లని, అదీ రెండు వైపులా. వెన్నులో ఇది తరచుగా దెబ్బతీసేది మెడ పైభాగాన్ని. నడుం దగ్గరి పూసల్ని నేరుగా పట్టడం అరుదు. కాబట్టి నడుం నొప్పి వచ్చిందంటే వేరే కారణం ఏదో ఉండి ఉంటుందని అనుకుని వెతకాలి.

ఎక్కువమందికి అది కండరాల నొప్పే. పాదం నొప్పికి ఒక పక్కకి ఒరిగి నడుస్తాం, మోకాలు చాపలేక వంగి నిలబడతాం, నెలల తరబడి కదలిక తగ్గి పొట్ట, వీపు కండరాలు బలహీనపడతాయి. ఆ భారమంతా నడుం మీద పడుతుంది. ఇది వంగితే, బరువెత్తితే, ఎక్కువసేపు కూర్చుంటే పెరుగుతుంది, భంగిమ మారిస్తే తగ్గుతుంది. పూసల మధ్య మెత్తగా ఉండే డిస్కు నరాన్ని నొక్కితే నొప్పి పిరుదులోంచి కాల్లోకి తీగలాగినట్టు దిగుతుంది. వయసు మళ్లినవాళ్లకి వెన్నులో నరాల దారి ఇరుకైతే నాలుగడుగులు నడవగానే కాళ్లు బరువెక్కి తిమ్మిర్లు వస్తాయి, కాస్త ముందుకి వంగినా కూర్చున్నా తేలికపడుతుంది.

ఎముక గుల్లబారి పూస అణిగిపోతే నొప్పి ఒక్కసారిగా మొదలవుతుంది. చిన్న బరువెత్తినా, ఆటో గుంతలో పడినా, గట్టిగా దగ్గినా చాలు. నిలబడితే ఎక్కువ, పడుకుంటే తక్కువ. కీళ్లవాతమే ఎముకని పలచబరుస్తుంది, స్టెరాయిడ్ బిళ్లలు ఇంకా పలచబరుస్తాయి. ముట్లాగిపోయిన ఆడవాళ్లకి ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఇంకొకటి ఉంది. నలభై ఐదు ఏళ్ల లోపు మొదలై, రాత్రి రెండో సగంలో నిద్ర లేపి, పడుకునే కొద్దీ పెరిగి, నడిస్తే తగ్గే నడుం నొప్పి అయితే అది వెన్నెముకని పట్టే వేరే రకం వాతం కావచ్చు. ఒంటి మీద సోరియాసిస్ పొలుసులు ఉన్నా, కన్ను ఎర్రబడి నొప్పి పెడుతున్నా ఆ మాట రుమటాలజిస్టుకి, అంటే కీళ్లవాతం చూసే డాక్టరుకి, తప్పకుండా చెప్పండి. ఒక్కోసారి జబ్బు పేరే మారుతుంది, దానితో మందూ మారుతుంది.

2. పదిహేను రోజులు రాసిపెట్టండి

గోడ మీద తెలుగు క్యాలెండర్ గళ్లు దీనికి చక్కగా సరిపోతాయి. రోజూ నాలుగు ముక్కలు చాలు. పొద్దున్న ఒళ్లు బిగుసుకుపోవడం ఎంతసేపు ఉంది? నొప్పి నడుం మధ్యలోనా, పక్కనా, కాల్లోకి దిగిందా? ఏ పని తర్వాత పెరిగింది? ఏ బిళ్లలు వేసుకున్నారు? వేళ్లు పట్టక రాయడం కష్టమైతే పిల్లలకి చెప్పి రాయించండి, లేదా ఫోన్లో మాటలు రికార్డు చేయండి.

దీని ఉపయోగం మా వదిన విషయంలో కళ్లారా చూశాను. ఆవిడకి నొప్పి ఎప్పుడూ ఆదివారం సాయంత్రమే పెరిగేది. క్యాలెండర్ చూస్తే ఆదివారాలు పీట మీద కూర్చుని వారానికి సరిపడా కొబ్బరి కోరడం, చేపలు బాగుచేయడం కనిపించింది. ఆ రెండు పనులూ ఎత్తయిన బల్ల మీదికి మార్చాక చాలావరకు తగ్గింది.

3. ఇవి కనిపిస్తే ఇంట్లో చిట్కాలు ఆపి బయల్దేరండి

మూత్రం ఆగిపోవడం, తెలియకుండానే మూత్రం పడిపోవడం, మలం అదుపు తప్పడం, తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారడం, కాళ్లలో బలం తగ్గిపోవడం. వీటిలో ఏది వచ్చినా అదే రోజు, అర్ధరాత్రి అయినా సరే, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి. నరాల కట్ట నలిగిపోతున్న గుర్తులివి. గంటలు గడిచే కొద్దీ కాళ్లు తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది.

జ్వరంతో కూడిన నడుం నొప్పిని మనలాంటివాళ్లు మరీ జాగ్రత్తగా చూడాలి. మనం వాడే మందులు రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి. సాయంత్రం పూట సన్నగా జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, వారాల తరబడి వెన్నులో ఒకేచోట నొప్పి ఉంటే అది వెన్నుపూసకి పట్టిన టీబీ కావచ్చు. కీళ్లవాతానికి ఇచ్చే బయోలాజిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు టీబీ పరీక్షలు చేయించేది ఇందుకే. పక్కటెముకల కింద ఒక వైపు నొప్పి, చలిజ్వరం, మూత్రంలో మంట కలిసి వస్తే కిడ్నీకి ఇన్‌ఫెక్షన్ అయి ఉండొచ్చు. అప్పుడు మందులు రాసే డాక్టరుకి మీరు కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ బిళ్లలు వాడుతుంటే ఆ మాట ముందే చెప్పండి. మూత్రం ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చే కోట్రైమాక్సజోల్ దానితో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

పడ్డాక మొదలైన నొప్పి, ఇదివరకు క్యాన్సర్ వచ్చినవాళ్లకి కొత్తగా వచ్చిన నొప్పి కూడా ఈ వరసలోవే.

4. మెడ సంగతి వేరుగా

నడుం గురించి రాస్తూ మెడ ఎందుకంటే, నడుం నొప్పికని చేయించుకునే చాలా పనులు మెడకి ముప్పు తెస్తాయి. ఏళ్ల తరబడి కీళ్లవాతం ఉన్నవాళ్లకి మెడలో పై రెండు పూసల్ని పట్టి ఉంచే బంధనాలు వదులయ్యే అవకాశం ఉంది. సెలూన్లో క్షవరం అయ్యాక తల పట్టుకుని మెడ టక్కుమనిపిస్తారే, అది మనవాళ్లకి అస్సలు వద్దు. ఇంట్లో మగవాళ్లకి ఈ జబ్బు ఉంటే ఈ ఒక్క మాట వాళ్ల చెవిన వేయండి. నడుం "సర్దుతాం" అని ఒళ్లు మెలితిప్పేవాళ్ల దగ్గరికీ వెళ్లకండి. శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం చేయకండి.

తల వెనక నొప్పి, మెడ వంచితే వెన్నులోకి కరెంటు కొట్టినట్టు ఉండటం, గుండీలు పెట్టుకోలేనంతగా చేతులు కొత్తగా మొరాయించడం, నడక తూలడం ఉంటే వెంటనే డాక్టరుకి చూపించాలి. ఏ ఆపరేషన్‌కి వెళ్లినా మత్తు డాక్టరుకి "నాకు కీళ్లవాతం ఉంది, మెడ చూడండి" అని మీ నోటితో చెప్పండి. మత్తిచ్చేటప్పుడు మెడ వెనక్కి వంచుతారు.

5. మందుల సంచి మంచం మీద బోర్లించి చూడండి

కీళ్ల డాక్టరు ఒక నొప్పి బిళ్ల రాస్తారు, ఎముకల డాక్టరు ఇంకొకటి రాస్తారు, మందుల షాపులో అడిగితే మూడోది ఇస్తారు. పేర్లు వేరు, లోపలి మందు ఒకే జాతి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్ అన్నీ ఒకే కుటుంబం. వీటిలో ఒకేసారి రెండు వేసుకుంటే నొప్పి రెండింతలు తగ్గదు, కడుపులో పుండు, కిడ్నీకి దెబ్బ మాత్రం రెండింతలు దగ్గరవుతాయి. బీపీ, షుగరు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు అడగకుండా ఒక్కటి కూడా వేసుకోకూడదు. పారాసెటమాల్ వేరే జాతి, చాలామందికి మొదట వాడదగ్గది అదే. కానీ జలుబు బిళ్లల్లోనూ అది ఉంటుంది కాబట్టి లెక్క చూసుకోండి. కాలేయం బాగోలేనివాళ్లు అదీ అడిగే వేసుకోవాలి.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నడుం నొప్పి పెరిగిందని దాన్ని ఒకటి ఎక్కువ వేసుకోకండి, అది నొప్పి బిళ్ల కాదు. ఎముకల బలానికి ఇచ్చే అలెండ్రోనేట్ కూడా వారానికి ఒకసారి వేసుకునే రకం ఉంది. రెండూ వారం బిళ్లలే కావడంతో తికమక వస్తుంది. నేను మెథోట్రెక్సేట్ ఆదివారం, ఎముకల బిళ్ల గురువారం అని పెట్టుకుని, ఫ్రిజ్ తలుపు మీద పెద్దగా రాసి అంటించాను. అలెండ్రోనేట్ పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి. నడుం నొప్పితో నిటారుగా కూర్చోలేకపోతే ఆ మాట డాక్టరుకి చెప్పండి, వేరే రూపంలో ఇచ్చే మందులు ఉన్నాయి.

ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ వారాల తరబడి వాడుతుంటే హఠాత్తుగా మానేయకూడదు. ఎముకలు పాడవుతాయని భయపడి ఒక్కరోజులో ఆపేసినవాళ్లు బీపీ పడిపోయి ఆసుపత్రి పాలవుతారు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. ఊళ్లో ఇచ్చే సూది మందు విషయంలోనూ జాగ్రత్త. ఏ ఇంజెక్షనో పేరు రాసివ్వమని అడగండి. రాసివ్వనంటే చేయించుకోకండి. పేరు లేని పొట్లాం పొడి ఎంత హాయిగా పనిచేస్తే అంత అనుమానించండి. నేను పోగొట్టుకున్న ఎముక తిరిగి రాలేదు.

6. మంచం దిగడం

పొద్దున్న మొదటి అరగంటలో చేసే తప్పే రోజంతా పీడిస్తుంది, అందుకే ఇది నిదానంగా చదవండి.

మెలకువ రాగానే లేవకండి. వెల్లకిలా పడుకునే చీలమండలు పైకీ కిందికీ పది సార్లు ఆడించండి. వేళ్లు మెల్లగా ముడిచి తెరవండి. ఒక్కో మోకాలు విడివిడిగా మడవండి, రెండూ ఒకేసారి ఎత్తకండి. పొట్ట లోపలికి లాగి నడుం పరుపుకి ఆనేలా ఐదు అంకెలు లెక్కపెట్టండి. ఇప్పుడు భుజం, తుంటి, మోకాలు కలిపి దుంగ దొర్లినట్టు ఒకేసారి పక్కకి తిరగండి. నడుం మెలిక పడకూడదు. పాదాలు మంచం అంచు దాటించి కిందికి జార్చండి. కాళ్లు దిగుతుంటే ఆ బరువుకే ఒళ్లు పైకి లేస్తుంది. అప్పుడు అరచేత్తో కాకుండా, మోచేయి నుంచి మణికట్టు దాకా చెయ్యంతా మంచానికి ఆనించి తోయండి. మణికట్టుకి, వేళ్లకి భారం తగలదు. లేచి కూర్చున్నాక ఒక నిమిషం ఆగండి, తల తిరగడం తగ్గాలి. పాదాలు కాస్త వెనక్కి తెచ్చి, ముక్కు పాదాల వేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకి ఒరిగి, తొడల బలంతో లేవండి.

మంచం మోకాలి ఎత్తు కంటే తక్కువ ఉంటే కోళ్ల కింద కదలని చెక్క దిమ్మలు పెట్టించండి. రెండు నిమిషాల పని ఇది, నాకు మాత్రం ఎంతో హాయినిచ్చింది. నులక మంచం, జోలెలా జారిన నవారు మంచం వద్దు. అలాగని చాప మీద కటిక నేలా వద్దు, లేవడానికే సగం ప్రాణం పోతుంది. కుంగని పరుపు ఉంటే చాలు. పక్కకి తిరిగి పడుకునేవాళ్లు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి, వెల్లకిలా పడుకునేవాళ్లు మోకాళ్ల కింద పెట్టుకోండి. తల కింద పలచటి దిండు ఒక్కటే.

లేచిన గంటలోపు వంగే పనులు పెట్టుకోకండి. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నులోని డిస్కులు నీరు పట్టి బిగువుగా ఉంటాయి, అప్పుడే వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. మన ఊళ్లలో ఆడవాళ్లం లేవగానే చేసేది సరిగ్గా అదే, వాకిలి ఊడవడం, కళ్లాపి చల్లడం, ముగ్గు పెట్టడం. ఆ పని ఎనిమిదింటికి చేసినా లక్ష్మి అలిగి వెళ్లిపోదు. ఊడవడానికి ఈనెల చీపురుని పొడుగు కర్రకి కట్టించుకోండి, కర్ర పట్టుకునే చోట పాత గుడ్డ లావుగా చుడితే వేళ్లు బిగించాల్సిన పని ఉండదు. ధనుర్మాసం వస్తే నాకు ముగ్గు మానడానికి మనసు ఒప్పదు. మెట్టు మీద కూర్చుని అరుగు మీద చిన్న ముగ్గు పెడతాను. వాకిట్లో పెద్దది మా కోడలు వేస్తుంది.

7. కాపడం

పట్టేసిన నడుం కండరానికి వేడి మంచిది. వాచి ఎర్రగా కాలుతున్న కీలుకి చల్లదనం హాయి. ఈ రెండూ ఒకే రోజు ఒకే మనిషికి కావాల్సి రావచ్చు, నడుంకి వేడి, మోకాలికి గుడ్డలో చుట్టిన ఐసు. వేడినీళ్ల బ్యాగు, ఉప్పు మూట, ఇసుక మూట ఏదైనా పనికొస్తుంది. బ్యాగు మూత బిగించడం మీ వేళ్లతో కాదు, ఎవరి చేతనైనా బిగింపించండి, కారితే కాలుతుంది. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. బ్యాగు మీద పడుకోకండి. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లు వేరేవాళ్ల చెయ్యి పెట్టించి వేడి చూసుకోండి.

వావిలాకు మరిగించిన నీళ్లతో స్నానం మా వైపు పాత అలవాటు. ఆ వేడికి ఒళ్లు సడలడం నిజం, నాకూ ఇష్టం. జబ్బు లోపలి మంటని అది ఆపదు, మందు మానకూడదు. నూనె రాసి మెత్తగా నిమిరించుకోవచ్చు. పిడికిళ్లతో గుద్దించుకోవడం, వీపు తొక్కించుకోవడం ఎముకలు పలచబడ్డవాళ్లకి ప్రమాదం.

నడుం బెల్టు ప్రయాణానికో, తప్పని పనికో రెండు గంటలు వాడుకోండి. రోజంతా కట్టుకుంటే కండరాలు ఇంకా బలహీనపడతాయి.

8. కూర్చోవడం, వంటిల్లు, బరువులు

పీట, కత్తిపీట, నేల మీది కొబ్బరికోరు. నడుం విషయంలో మన ఇళ్లలో ముందు మార్చాల్సినవి ఈ మూడే. కూరలు బల్ల మీద పెట్టి, లావు పిడి చాకుతో తరుక్కోండి. నిలబడి వండేటప్పుడు కాలి కింద చిన్న పీట పెట్టుకుని కాళ్లు మార్చి మార్చి ఆనించండి. అన్నం గిన్నె దించడం, చారు వంచడం మానేసి గరిటెతో తోడుకోండి. మరుగుదొడ్డి నేల రకం అయితే మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ పెట్టించండి. గోడకి పట్టుకునే కడ్డీ బిగించండి, వేళ్లతో పట్టలేకపోతే ముంజేయి ఆనేలా.

వాలుకుర్చీలో గంటలు గంటలు పడుకోకండి, అందులోంచి లేవడమే పెద్ద పరీక్ష. చేతులున్న, ఎత్తయిన, గట్టి కుర్చీలో నడుం వంపులో చుట్టిన తువ్వాలు పెట్టుకుని కూర్చోండి. ఎంత మంచి కుర్చీ అయినా అరగంటకోసారి లేవాలి. లేసు అల్లేవాళ్లకి ఇది చాలా కష్టం, నాకు తెలుసు, వరస పూర్తయ్యేదాకా చెయ్యి ఆగదు. ఒళ్లో దిండు పెట్టి పని దాని మీదికి ఎత్తుకోండి, అప్పుడు మెడ, వీపు వంగవు. అల్లిక సూది పిడికి రబ్బరు గొట్టం తొడగండి. నేను ఫోన్లో అరగంట అలారం పెట్టుకుంటాను. మోగితే వరస మధ్యలో అయినా సరే లేచి వీధి గుమ్మం దాకా వెళ్లొస్తాను.

బరువులు చంకలో, నెత్తిన, ఒంటిచేత్తో వద్దు. రెండు ముంజేతులతో పొట్టకి హత్తుకుని పట్టండి. బిందె బదులు కుళాయి ఉన్న డ్రమ్ము గట్టు మీద పెట్టించి నింపించుకోండి. బియ్యం బస్తా కదపకుండా డబ్బాతో తోడుకోండి. నేల మీద పడ్డ వస్తువు తీయాలంటే ఒక చెయ్యి బల్లకి ఆనించి, ఒక కాలు వెనక్కి జరిపి, నిటారు నడుంతో తుంటి దగ్గర వంగండి. మోకాలు పూర్తిగా మడవక్కర్లేదు.

పొలం పని గురించి నేను మెత్తగా చెప్పలేను. కీళ్లు వాచి ఉన్న రోజుల్లో సార్వా అయినా దాళ్వా అయినా ఊడ్పుల్లోకి దిగకండి. గంటల తరబడి బురదలో వంగి ఉండే పని ఆ నడుం, ఆ వేళ్లు తట్టుకోలేవు. కూలి మీదే బతికే ఇల్లు అయితే మేస్త్రిని గట్టు మీది పని అడగండి, వంట, నీళ్లు, నారు లెక్క ఏదైనా. రొయ్యల షెడ్లలో పని చేసేవాళ్లు తడి సిమెంటు మీద కాకుండా చెక్క పలక మీద నిలబడండి, గ్లౌజుల లోపల పలచటి నూలు గ్లౌజులు వేసుకోండి. బల్ల ఎత్తు మోచేతి కంటే కాస్త కిందికి ఉండాలి.

బస్సులో వెనక సీటు వద్దు, మధ్యలో కూర్చోండి. ఆటోలో డ్రైవరుకి ముందే చెప్పండి, గుంతల దగ్గర ఆపి దింపమని అడగడం నామోషీ కాదు. గోదారి దాటించే పంటు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఎవరిదైనా భుజం పట్టుకోండి.

9. కదలిక

నడుం పట్టేసిందని మంచం పట్టకండి. ఒకటి, రెండు రోజులు పనులు తగ్గించుకోవచ్చు. అంతకు మించి పడుకుంటే కీళ్లు బిగుస్తాయి, ఎముక ఇంకా పలచబడుతుంది.

నేల మీద చేయాల్సిన పని లేదు, మంచం మీదే చేయండి. ముందు చెప్పిన పొట్ట బిగింపు పది సార్లు. మడమని పరుపు మీద జారుస్తూ కాలు ముడిచి చాపడం, ఒక్కో కాలికి పది సార్లు. మోకాళ్లు మడిచి, చేతులు పక్కన వదిలేసి, పిరుదులు బెత్తెడు ఎత్తి మూడు అంకెలు లెక్కపెట్టి దించడం ఐదు సార్లు. చేతులు రొమ్ము మీద కట్టుకుని ఎత్తయిన కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఐదు సార్లు. తుంటి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లు ఫిజియోథెరపిస్టుని అడిగే చేయాలి. ఎముకలు గుల్లబారినవాళ్లు వంగి కాలి వేళ్లు ముట్టుకోవడం, వెల్లకిలా పడుకుని తల, వీపు పైకెత్తి లేచి కూర్చోవడం, సూర్య నమస్కారాల్లో ముందుకి వంగే భాగం పూర్తిగా మానాలి. పూస ముందు భాగం నలిగిపోయేది ఆ వంపుల్లోనే.

నడక అన్నిటికంటే సులువు. మాకు కాలువ గట్టు ఉంది, తెల్లవారాక ఎండ ఎక్కకముందు పది నిమిషాలు వెళ్లి పది నిమిషాలు వస్తాను. వెనక పట్టీ ఉన్న, మెత్తటి అడుగు చెప్పులు వేసుకోండి. వానల్లో గట్టు జారితే ఇంటి వసారాలోనే. ఎంత చేయాలో తెలుసుకోవడానికి ఒక కొలత ఉంది. వ్యాయామం అయిన రెండు గంటల తర్వాత కూడా నొప్పి ముందుకంటే ఎక్కువగా ఉంటే మర్నాడు తగ్గించండి, మానకండి. కీళ్లు ఉవ్వెత్తున వాచిన రోజు పొట్ట బిగింపు, చీలమండల ఆడింపు చాలు.

10. ఎముక

మూడు నెలలకి మించి స్టెరాయిడ్ వాడినవాళ్లు, ముట్లాగిపోయినవాళ్లు డెక్సా స్కాన్ గురించి డాక్టరుని అడగండి. ఎముక సాంద్రత చెప్పే పరీక్ష అది, నొప్పి ఉండదు. ఏటా సంక్రాంతికి గుమ్మం పక్క గోడకి ఆనుకుని నిలబడి ఎత్తు గీత గీయించుకోండి. గీత రెండు సెంటీమీటర్లు దిగిందంటే, నొప్పి లేకపోయినా, పూసలు అణుగుతున్నాయేమో చూపించుకోవాలి.

కాల్షియం రోజుకి 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు కావాలి. గ్లాసు పాలల్లో సుమారు 240, వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది. నువ్వులు, మునగాకు మంచివి. మన గోదారి మనుషులకి ఇంకో వరం ఉంది, ముల్లుతో సహా తినే చిన్న చేపలు. దసరా, దీపావళి రోజుల్లో వచ్చే చీరమేను, మిగతా రోజుల్లో నెత్తళ్లు. ఎండు నెత్తళ్లలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు బాగా కడిగి కొద్దిగా తినండి. డి విటమిన్ 60,000 యూనిట్ల బిళ్లలు పక్కింటివాళ్లు వాడారని నెలల తరబడి మింగకండి, రక్త పరీక్ష చూసి డాక్టరు చెప్పినన్నాళ్లే. చుట్ట, సిగరెట్టు జబ్బునీ పెంచుతాయి, ఎముకనీ తింటాయి. మెథోట్రెక్సేట్ వాడుతూ కల్లు, మందు తాగితే కాలేయం పాడవుతుంది.

బాత్రూంలో, బావి గట్టు మీద పాచి గీకించండి. ఒక్క జారుడు చాలు.

11. వరద ముందు, డాక్టరు ముందు

గోదారి మధ్యలోని లంక ఊళ్లలో ఉన్నవాళ్లు జూన్ చివరికల్లా కనీసం నెల రోజుల మందులు ఇంట్లో పెట్టుకోండి. 2022 జూలైలో గోదారి పొంగినప్పుడు కోనసీమ లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పడవ మీద వచ్చే సాయంలో మీ మెథోట్రెక్సేట్ ఉండదు, మీ స్టెరాయిడ్ ఉండదు. బిళ్లలు, చీటీలు మూత బిగువుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన ఇంజెక్షన్లు వాడేవాళ్లు వరద హెచ్చరిక రాగానే ఒడ్డున ఉన్న బంధువుల ఇంటికి చేర్చండి. మంచం మీద సామాను ఎక్కించే పని మీరు చేయకండి, ఆ హడావిడిలోనే నడుములు విరుగుతాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు క్యాలెండర్ కాగితం, మందుల సంచి, పాత ఎక్స్‌రేలు పట్టుకెళ్లండి. ఎంఆర్ఐలో డిస్కు ఉబ్బిందని రాగానే కంగారు పడకండి, ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా అది తరచుగా కనిపిస్తుంది. నొప్పికీ ఆ చిత్రానికీ పొంతన ఉందా అని అడగండి. ఎముకల డాక్టరు రాసిన చీటీ రుమటాలజిస్టుకి, ఆయన చీటీ ఈయనకి చూపించండి. లోపలికి వెళ్లాక టెన్షన్‌లో సగం మర్చిపోతాం, అందుకే నేను కాగితం మీద పై వరసలో పెద్ద అక్షరాలతో ఇలా రాసుకుని వెళ్తాను: "నాకు కీళ్లవాతం ఉంది. మెథోట్రెక్సేట్ ఆదివారం వేసుకుంటాను. ఒక పూస ఇదివరకే అణిగింది. ఈ నడుం నొప్పి మొదలైన తేదీ ఇది."